జపనీస్ క్రియా రూపాలు

జపనీస్ భాషలో క్రియ వాక్యం చివర వస్తుంది. కాలం, వ్యతిరేకార్థం, కోరిక, సామర్థ్యం, ఆజ్ఞ, మర్యాద వంటి అర్థాలను ఆ క్రియ చివర చేరే ప్రత్యయాలు తెలియజేస్తాయి. ఇలా ధాతువుపై ప్రత్యయాలు చేరి ఏర్పడే రూపాల సముదాయాన్నే జపనీస్ క్రియా రూపాలు అంటారు. ఈ రూపాలు చూడడానికి అనేకంగా కనిపించినా, వాటి వెనుక ఉన్న సూత్రాలు కొద్ది మాత్రమే. నేటి భాషలో నిజంగా సూత్రాలకు లొంగని క్రియలు రెండే: సురు (చేయు), కురు (వచ్చు). మిగిలినవన్నీ దాదాపుగా రెండు వర్గాలలో ఇమిడిపోతాయి. పెద్ద వర్గానికి చెందిన క్రియల మార్పును తెలుగువారికి చిన్ననాటి నుండి తెలిసిన గుణింతంతో పోల్చి సులభంగా గ్రహించవచ్చు.

ఈ వ్యాసంలో జపనీస్ పదాలు ఉచ్చారణను బట్టి తెలుగు లిపిలో ఇవ్వబడ్డాయి. రెండు అచ్చులు పక్కపక్కన వచ్చినచోట (ఉదా: కఇత) వాటిని విడివిడిగా పలకాలి.

సాధారణ లక్షణాలు

తెలుగు క్రియ కర్తను అనుసరించి మారుతుంది. తిన్నాను, తిన్నావు, తిన్నాడు, తిన్నది, తిన్నారు అనే రూపాలలో పురుష, లింగ, వచన భేదాలు స్పష్టంగా తెలుస్తాయి. జపనీస్ క్రియలో ఈ భేదాలేవీ లేవు. పై ఐదు రూపాలకూ జపనీస్‌లో తబెత అనే ఒకే రూపం సరిపోతుంది. తిన్నది ఎవరన్నది సందర్భాన్ని బట్టి గాని, కర్తను విడిగా చెప్పడం వల్ల గాని తెలుసుకోవాలి.

కాలభేదాలు కూడా ప్రధానంగా రెండే: భూతకాలం, భూతేతర కాలం. తబెరు అనే రూపం "తింటాను" అనే భవిష్యదర్థాన్ని, "రోజూ తింటాను" అనే అలవాటును కూడా తెలుపుతుంది. ఇది తెలుగువారికి కొత్త కాదు. "రేపు వస్తాడు", "రోజూ వస్తాడు" అనే రెండు వాక్యాలలోనూ తెలుగు క్రియ ఒకే రూపంలో ఉండడం గమనించవచ్చు.

క్రియల వర్గాలు

ధాతువు చివరి ధ్వనిని బట్టి జపనీస్ క్రియలను ఈ విధంగా విభజిస్తారు.

1. హలంత ధాతువులు: ధాతువు హల్లుతో అంతమవుతుంది. ఉదా: కక్ (రాయు), యొమ్ (చదువు), హనస్ (మాట్లాడు). వీటికి ఉకారం చేరి నిఘంటు రూపాలైన కకు, యొము, హనసు ఏర్పడతాయి. జపాన్ పాఠశాలలలో వీటిని గొదన్ క్రియలు, అనగా "ఐదు మెట్ల" క్రియలు అంటారు.

2. అజంత ధాతువులు: ధాతువు ఇకారంతో గాని ఎకారంతో గాని అంతమవుతుంది. ఉదా: మి (చూచు), తబె (తిను). వీటికి రు చేరి మిరు, తబెరు అవుతాయి. వీటిని ఇచిదన్ క్రియలు, అనగా "ఒకే మెట్టు" క్రియలు అంటారు.

3. అపవాద క్రియలు: సురు, కురు.

నిఘంటు రూపం ఇరు, ఎరు అనే ధ్వనులతో ముగియకపోతే ఆ క్రియ సురు, కురు కానంతవరకు హలంతమే. వాటితో ముగిస్తే చాలావరకు అజంతమే గాని, కఎరు (తిరిగివచ్చు), హఇరు (ప్రవేశించు), హశిరు (పరుగెత్తు), శిరు (తెలుసుకొను) వంటి కొన్ని హలంత క్రియలు కూడా ఉన్నాయి. వీటిని విడిగా గుర్తుంచుకోవాలి. వర్గం పొరబడితే అర్థమే మారిపోవచ్చు. కిరు అనే నిఘంటు రూపం "ధరించు", "కోయు" అనే రెండు క్రియలకూ ఉంది. మొదటిది అజంతం కనుక భూతకాలంలో కిత అవుతుంది. రెండవది హలంతం కనుక కిత్త అవుతుంది. ఒక్క ద్విత్వం తేడాతో "చొక్కా తొడుక్కున్నాడు" అన్నది "చొక్కాను కత్తిరించాడు" అయిపోతుంది.

హలంత క్రియలు, గుణింతం

కకు అనే క్రియ రూపాలను వరుసగా పేర్చి చూస్తే ధాతువు చివరి హల్లు క, కి, కు, కె, కొ అనే ఐదు మెట్ల మీద నడుస్తుంది.

- క: కకనఇ (రాయను, రాయడు), కకరెరు (రాయబడు), కకసెరు (రాయించు)
- కి: కకిమసు (రాస్తానండి), కకితఇ (రాయాలని ఉంది)
- కు: కకు (రాస్తాను, రాస్తాడు)
- కె: కకెబ (రాస్తే), కకె (రాయి, రాయరా), కకెరు (రాయగలుగు)
- కొ: కకో (రాద్దాం)

యొము అనే క్రియ ఇదే విధంగా మ, మి, ము, మె, మొ అని నడుస్తుంది: యొమనఇ, యొమిమసు, యొము, యొమెబ, యొమో. "ఐదు మెట్లు" అనే పేరుకు అర్థం ఇదే. జపనీస్ భాషలో అచ్చులు అ, ఇ, ఉ, ఎ, ఒ అని ఐదే కనుక మెట్లు కూడా ఐదే.

ఈ పోలిక పూర్తిగా యాదృచ్ఛికం కాదు. జపనీస్ అక్షరాలను అ, ఇ, ఉ, ఎ, ఒ అనే అచ్చుల వరుసలోను, అ, క, స, త, న, హ, మ, య, ర, వ అనే హల్లుల వరుసలోను అమర్చే పట్టికను గొజూఒన్ అంటారు. బౌద్ధమతంతో పాటు జపాన్ చేరిన సిద్ధం లిపిని, సంస్కృత వర్ణక్రమాన్ని అధ్యయనం చేసిన భిక్షువుల ప్రభావంతో ఈ అమరిక రూపుదిద్దుకుంది. మన వర్ణమాలలో కవర్గం ముందు, పవర్గం తరువాత, య, ర, వలు చివర వచ్చినట్లే అక్కడ కూడా వస్తాయి. నేటి హ వరుస ప్రాచీన కాలంలో పకారంతో పలికేదని భాషావేత్తల అభిప్రాయం. ఆ దృష్టితో చూస్తే పోలిక మరింత స్పష్టమవుతుంది.

అయితే ఒక ముఖ్యమైన తేడా ఉంది. జపనీస్ కన లిపిలో ఒక్కొక్క అక్షరం సాధారణంగా ఒక పూర్తి గుణింతాక్షరాన్ని సూచిస్తుంది. నకారపు పొల్లు, ద్విత్వం తప్ప విడి హల్లును రాసే వీలు లేదు. కక్ అనే ధాతువును తెలుగులో పొల్లుతో రాసి చూపవచ్చు గాని కన లిపిలో రాయడం సాధ్యం కాదు. అందువల్ల జపాన్ వ్యాకర్తలు మారని భాగం క మాత్రమేనని, క, కి, కు, కె, కొ అనేవి మారే భాగమని వివరించారు. ధ్వనుల పరంగా విశ్లేషించే భాషావేత్తలు ధాతువు కక్ అని, అది మారదని, దానికి అచ్చుతో మొదలయ్యే ప్రత్యయాలు చేరతాయని అంటారు. రెండు వివరణలూ ఒకే వాస్తవాన్ని చెబుతాయి. తెలుగు లిపి తెలిసినవారికి రెండవది తేలికగా బోధపడుతుంది.

కఉ (కొను) వంటి క్రియలలో ధాతువు చివర వకారం ఉంది. నేటి జపనీస్‌లో వకారం అకారానికి ముందు మాత్రమే నిలిచింది. కనుక కవనఇ (కొనను) అనే రూపంలో అది వినిపిస్తుంది, కఉ, కఇమసు వంటి రూపాలలో లోపిస్తుంది.

అజంత క్రియలు

అజంత క్రియలలో ధాతువు ఏ మార్పూ పొందదు. తబె అనే ధాతువుకు ప్రత్యయాలు నేరుగా చేరతాయి: తబెనఇ (తినను), తబెమసు (తింటానండి), తబెరు (తింటాను), తబెరెబ (తింటే), తబెరొ (తిను, తినరా), తబెయో (తిందాం), తబెత (తిన్నాను).

అపవాద క్రియలు

సురు: శినఇ (చేయను), శిమసు (చేస్తానండి), సురెబ (చేస్తే), శిరొ (చెయ్యి), శియో (చేద్దాం), శిత (చేశాను).

కురు: కొనఇ (రాను), కిమసు (వస్తానండి), కురెబ (వస్తే), కొఇ (రా), కొయో (వద్దాం), కిత (వచ్చాను).

వీటితో పాటు కొన్ని చిన్న మినహాయింపులు ఉన్నాయి. అరు (నిర్జీవ వస్తువులు ఉండు) అనే క్రియకు వ్యతిరేకార్థం అరనఇ కాదు, నఇ (లేదు) మాత్రమే. ఇది తెలుగులోని "ఉంది, లేదు" జంటను గుర్తుకు తెస్తుంది. ఇకు (వెళ్ళు) భూతకాలంలో ఇఇత కాకుండా ఇత్త అవుతుంది.

సురు క్రియకు అపవాదమైనా ప్రాముఖ్యం ఎక్కువ. నామవాచకాలకు సురు చేర్చి ఎన్నో క్రియలను తయారుచేస్తారు: బెంక్యో సురు (చదువుకొను), కొపీ సురు (కాపీ చేయు). తెలుగులో "ప్రింట్ చేయు", "ఫోన్ చేయు" అన్నట్లే ఇదీ. కొన్ని కొత్త పదాలు నేరుగా హలంత వర్గంలో చేరతాయి. గూగుల్‌లో వెతకడాన్ని గుగురు అంటారు. దాని భూతకాలం గుగుత్త, వ్యతిరేకార్థం గుగురనఇ. కొత్తగా పుట్టిన క్రియ కూడా పాత సూత్రాలనే పాటిస్తున్నదనడానికి ఇది నిదర్శనం.

భూతకాలం, తె రూపం, సంధి మార్పులు

భూతకాలానికి త, క్త్వార్థకానికి తె చేరతాయి. అజంత క్రియలలో ఇవి నేరుగా చేరి తబెత (తిన్నాను), తబెతె (తిని) అవుతాయి. హలంత క్రియలలో మాత్రం ధాతువు చివరి హల్లును బట్టి ధ్వని మార్పులు జరుగుతాయి. విద్యార్థులకు కష్టంగా తోచే భాగం ఇదే.

- ఉ, త్సు, రు అంతమందు ఉంటే ద్విత్వం వస్తుంది: కఉ (కొను) - కత్త, మత్సు (వేచియుండు) - మత్త, నొరు (ఎక్కు) - నొత్త
- ము, బు, ను అంతమందు ఉంటే అనుస్వారం వచ్చి త కాస్తా ద అవుతుంది: యొము - యొంద, అసొబు (ఆడుకొను) - అసొంద, శిను (చనిపోవు) - శింద
- కు అంతమందు ఉంటే కకారం లోపించి ఇకారం మిగులుతుంది: కకు - కఇత
- గు అంతమందు ఉంటే అదే విధంగా జరిగి త బదులు ద వస్తుంది: ఒయొగు (ఈదు) - ఒయొఇద
- సు అంతమందు ఉంటే శి వస్తుంది: హనసు - హనశిత

ఈ మార్పులు నియమరహితమైనవి కావు. పూర్వం కకిత వంటి రూపం ఉండేది. పలుకుబడిలో కకారం జారిపోగా కఇత మిగిలింది. యొమిత నుండి యొంద కూడా అలాగే ఏర్పడింది. ఇటువంటి మార్పులను జపనీస్ వ్యాకరణంలో ఒంబిన్ అంటారు. ఇవి హెఇఅన్ యుగం (794-1185) నుండి భాషలో వ్యాపించాయి.

తె రూపం ఉపయోగాలు

తె రూపం తెలుగులోని క్త్వార్థకానికి (చేసి, తిని, లేచి) చాలా దగ్గరగా ఉంటుంది. "అస ఒకితె, కఒ ఒ అరత్తె, గొహన్ ఒ తబెత" అనే వాక్యానికి "పొద్దున లేచి, ముఖం కడుక్కుని, అన్నం తిన్నాను" అని మాటకు మాటగా అర్థం చెప్పవచ్చు. కాలం చివరి క్రియ ఒక్కదానిలోనే తెలుస్తుంది.

తె రూపం తరువాత మరొక క్రియ చేరి కొత్త అర్థచ్ఛాయలు వస్తాయి.

- తబెతె మిరు: తిని చూచు. ఇక్కడ మిరు అంటే చూచు. ప్రయత్నించడం అనే అర్థం తెలుగులో వలెనే వచ్చింది.
- కఇతె ఒకు: రాసి పెట్టు. ఒకు అంటే పెట్టు, ఉంచు. ముందుజాగ్రత్తగా చేసి ఉంచడం అని అర్థం.
- తబెతె శిమఉ: తినేయు. పని పూర్తిగా ముగిసిపోవడాన్ని, కొన్నిచోట్ల అయ్యో అనే విచారాన్ని సూచిస్తుంది.
- తబెతె ఇరు: తింటూ ఉండు. అయితే స్థితి మార్పును తెలిపే క్రియలలో ఇది ఫలితాన్ని తెలుపుతుంది. శిందె ఇరు అంటే "చనిపోతున్నాడు" కాదు, "చనిపోయి ఉన్నాడు" అని అర్థం.
- కఇతె అగెరు, కఇతె కురెరు: మొదటిది ఇతరుల కోసం రాసిపెట్టడం, రెండవది ఎవరైనా మనకు రాసిపెట్టడం. కర్తను చెప్పకపోయినా మేలు ఎటు వెళ్ళిందో ఈ క్రియలే తెలుపుతాయి.

క్రియ నామవాచకానికి ముందు వచ్చి విశేషణంగా కూడా పనిచేస్తుంది. "కినో కత్త హొన్" అంటే "నిన్న కొన్న పుస్తకం". తెలుగులో "కొన్నాను" అనేది "కొన్న" అని మారుతుంది గాని, జపనీస్‌లో కత్త అనే రూపం రెండుచోట్లా ఒకటే.

ప్రత్యయాల కూర్పు

ఒక ప్రత్యయంపై మరొక ప్రత్యయాన్ని చేర్చుకుంటూ పోవడం జపనీస్ క్రియ ప్రధాన లక్షణం. నఇ, తఇ అనే ప్రత్యయాలు విశేషణాల వలె మార్పు చెందుతాయి. నఇ భూతకాలంలో నకత్త అవుతుంది, తఇ వ్యతిరేకార్థానికి ముందు తకు అవుతుంది. తబెససెరరెతకునకత్త అనే పొడవైన పదాన్ని ఇలా విడదీయవచ్చు.

తబె (తిను) + ససె (ప్రేరణ) + రరె (కర్మణి) + తకు (కోరిక) + నకత్ (వ్యతిరేకం) + త (భూతకాలం)

"నా చేత బలవంతంగా తినిపించడం నాకు ఇష్టం లేకపోయింది" అని దీని భావం. ప్రత్యయాలు చేరే క్రమం స్థిరంగా ఉంటుంది కనుక పదం ఎంత పొడవైనా విడదీయడం కష్టం కాదు.

కర్మణి ప్రయోగంలో ఒక విశేషం ఉంది. తెలుగులో కర్మణి ప్రయోగం అరుదు, అదీ సకర్మక క్రియలకే. జపనీస్‌లో అకర్మక క్రియలకు కూడా వస్తుంది. ఫురు అంటే (వర్షం) కురియు. "అమె ని ఫురరెత" అంటే "వాన కురిసి నాకు ఇబ్బంది కలిగింది" అని అర్థం. దీనిని బాధార్థక కర్మణి అని చెప్పవచ్చు.

మర్యాద రూపాలు

జపనీస్‌లో మర్యాద రెండు విధాలుగా క్రియలో వ్యక్తమవుతుంది. ఒకటి వినేవారి పట్ల చూపే మర్యాద. దీనికి మసు ప్రత్యయం చేరుతుంది: తబెమసు, తబెమశిత (భూతకాలం), తబెమసెన్ (వ్యతిరేకం), తబెమసెన్ దెశిత (వ్యతిరేక భూతకాలం). రెండవది ఎవరిని గురించి మాట్లాడుతున్నామో వారి పట్ల చూపే గౌరవం. దీనికి కొన్ని క్రియలకు వేరే ధాతువులే ఉన్నాయి. తబెరు బదులు పెద్దల విషయంలో మెశిఅగరు అని, తన విషయంలో వినయంగా ఇతదకు అని అంటారు.

తెలుగులో ఈ రెండు మర్యాదలకూ సరిపోలిన పద్ధతి ఉంది. "తిన్నానండి" అన్నప్పుడు "అండి" అనేది వినేవారికి చెందుతుంది. "తిన్నారు" అన్నప్పుడు గౌరవం తిన్నవారికి చెందుతుంది. ఆ విధంగా తిన్నాడు - తబెత, తిన్నాడండి - తబెమశిత, తిన్నారు - మెశిఅగత్త, తిన్నారండి - మెశిఅగరిమశిత అని నాలుగు జంటలను చెప్పుకోవచ్చు. కొత్తగా నేర్చుకునేవారు మసు రూపాన్ని కర్తపై గౌరవంగా పొరబడుతుంటారు. తన గురించి తాను చెప్పుకున్నప్పుడు కూడా మసు వాడవచ్చునని గుర్తుంచుకుంటే ఈ పొరపాటు రాదు.

వ్యాకరణ అధ్యయన చరిత్ర

పోర్చుగీసు మతప్రచారకుడు జొవావ్ రొడ్రిగెస్ రచించిన జపనీస్ వ్యాకరణం 1604-1608 మధ్య నాగసాకిలో ముద్రితమైంది. జపనీస్ పండితులలో మొతొఒరి నొరినగ (1730-1801) ప్రాచీన సాహిత్య భాషను లోతుగా పరిశీలించాడు. ఆయన కుమారుడు మొతొఒరి హరునివ (1763-1828) చూపు కోల్పోయిన తరువాత కుటుంబసభ్యుల సాయంతో పరిశోధన కొనసాగించి, క్రియల మార్పులను వర్గీకరిస్తూ 1806లో "కొతొబ నొ యచిమత" అనే గ్రంథాన్ని పూర్తి చేశాడు. తరువాతి క్రియా వర్గీకరణకు ఇది పునాది అయింది. 20వ శతాబ్దంలో హషిమొతొ శింకిచి (1882-1945) సిద్ధాంతాలు పాఠశాల వ్యాకరణానికి ఆధారమయ్యాయి. అమెరికా భాషావేత్త బెర్నార్డ్ బ్లాక్ 1946లో ధ్వనుల ఆధారంగా చేసిన విశ్లేషణ విదేశాలలో బోధనకు మార్గం చూపింది.

ప్రాచీన సాహిత్య భాషలో తొమ్మిది క్రియా వర్గాలు ఉండేవి. అవి క్రమంగా కలిసిపోయి పాఠశాల వ్యాకరణం ప్రకారం నేడు ఐదు మిగిలాయి. "ఐదు మెట్ల" వర్గాన్ని పూర్వం "నాలుగు మెట్ల" వర్గం అనేవారు. కకో అనే రూపాన్ని పాత పద్ధతిలో కక అనే అక్షరాలతోనే రాసేవారు. 1946లో కన లిపి వర్ణక్రమాన్ని ఉచ్చారణకు అనుగుణంగా సంస్కరించాక కొ అక్షరం వచ్చి చేరింది, ఐదవ మెట్టు ఏర్పడింది.

"ర" లోపంపై వివాదం

అజంత క్రియలలో సామర్థ్యార్థకానికి, కర్మణికి ఒకే రూపం ఉంది. మిరరెరు అంటే "చూడగలుగు" అని, "చూడబడు" అని కూడా అర్థం. అయితే సంభాషణలో అనేకులు సామర్థ్యార్థంలో ర ఒకటి తీసివేసి మిరెరు అంటారు. తబెరరెరు బదులు తబెరెరు అంటారు. దీనిని ర-నుకి అంటారు. ఇది తప్పని, భాష చెడిపోతున్నదని విమర్శించేవారు ఉన్నారు. జపాన్ ప్రభుత్వ జాతీయ భాషా మండలి 1995లో ఇచ్చిన నివేదికలో లాంఛన సందర్భాలలో దీనిని అంగీకరించలేమని పేర్కొంది. జపాన్ సాంస్కృతిక వ్యవహారాల సంస్థ 2016లో ప్రకటించిన సర్వేలో "చూడగలిగాను" అనే అర్థంలో మిరెత వాడతామన్నవారు 48.4 శాతం, మిరరెత వాడతామన్నవారు 44.6 శాతం ఉన్నారు. ర లోపించిన రూపం ఆ సర్వేలలో పైచేయి సాధించడం అదే మొదటిసారి.

ధ్వనుల దృష్టితో చూస్తే ఈ "తప్పు" వెనుక కూడా ఒక సూత్రం కనిపిస్తుంది. హలంత క్రియలలో కర్మణి కకరెరు, సామర్థ్యార్థకం కకెరు. రెండింటికీ తేడా "అర్" అనే ధ్వని మాత్రమే. మిరరెరు నుండి అదే "అర్" తీసివేస్తే మిరెరు వస్తుంది. అనగా మాట్లాడేవారు రెండు వర్గాలకూ తెలియకుండానే ఒకే సూత్రాన్ని వర్తింపజేస్తున్నారు. దీనివల్ల రెండు అర్థాల మధ్య సందిగ్ధత కూడా తొలగుతుంది. అయినప్పటికీ పాఠ్యపుస్తకాలు, పత్రికలు ర ఉన్న రూపాలనే పాటిస్తాయి కనుక విద్యార్థులు పరీక్షలలోను, లేఖలలోను వాటినే వాడడం మంచిది.

ద్రావిడ భాషలతో పోలిక

క్రియ చివర రావడం, ప్రత్యయాలు వరుసగా చేరడం, క్త్వార్థకంతో వాక్యాలను కలపడం వంటి లక్షణాలు తెలుగుకు, జపనీస్‌కు సమానం. జపాన్ పండితుడు ఒనొ సుసుము (1919-2008) తమిళానికి, జపనీస్‌కు చారిత్రక సంబంధం ఉందని ప్రతిపాదించాడు. అధికశాతం భాషావేత్తలు దీనిని అంగీకరించలేదు. ఇటువంటి వాక్యనిర్మాణం కొరియన్, టర్కిష్ వంటి భాషలలో కూడా ఉంది కనుక ఈ పోలిక ఒక్కటే బంధుత్వానికి రుజువు కాజాలదు. బంధుత్వం ఉన్నా లేకున్నా, తెలుగు మాతృభాషగా గలవారికి జపనీస్ వాక్యపు నడక సహజంగా తోస్తుంది. వారు కొత్తగా నేర్చుకోవలసింది ప్రధానంగా క్రియల వర్గాలను, తె రూపంలోని సంధి మార్పులను, రెండు అపవాద క్రియలను మాత్రమే.